ఆకాశగోళం మీద గురుత్వపు లెక్క

1962 జనవరి 3న మద్రాసులో ఒక పరిశోధనా సంస్థ మొదలైంది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టి, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కొడుకు అల్లాడి రామకృష్ణన్ దాన్ని పట్టుబట్టి సాధించాడు. ప్రారంభ సభకు వచ్చినవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాథమెటికల్ సైన్సెస్ అనేది దాని పూర్తి పేరు, వాడుకలో మాట్‌సైన్స్. అదే ఏడాది లండన్ కింగ్స్ కాలేజీ నుంచి హెర్మన్ బాండి, వాన్ డర్ బర్గ్, మెట్జ్‌నర్ ముగ్గురూ కలిసి గురుత్వ తరంగాల మీద ఒక పత్రం అచ్చువేశారు. ఆ వెంటనే రేనర్ శాక్స్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. అప్పటికి ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదు. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, 2021లో, లండన్ పత్రంలో మొదలైన కథకు సంబంధించిన ఒక ముఖ్యమైన లెక్క మాట్‌సైన్స్‌లోనే తేలింది. ఆ మధ్యకాలంలో ఈ ప్రశ్న ఎక్కడెక్కడ తిరిగింది, ఇప్పుడు ఎక్కడ ఆగింది, కన్‌ఫార్మల్ గురుత్వం అనే పాత సిద్ధాంతం ఇందులోకి ఎందుకు వచ్చింది అన్నదే ఈ సమీక్ష.

బాండి బృందం వేసుకున్న ప్రశ్న చూడటానికి చిన్నది. ఎక్కడో నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ గురుత్వ తరంగాలను వెదజల్లుతున్నాయి. మనం వాటికి చాలా దూరంగా వెళ్లి నిలబడ్డాం. అంత దూరాన గురుత్వం ఉందా లేదా అన్నట్టుంటుంది. అక్కడ మిగిలే సౌష్ఠవాలు ఏవి? ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్షత చెప్పిన పది మాత్రమే మిగలాలని అందరూ అనుకున్నారు: స్థలంలో మూడు జరుపుళ్లు, కాలంలో ఒకటి, మూడు భ్రమణాలు, మూడు వేగపు మార్పులు. లెక్క తేలేసరికి పదికి బదులు అంతులేనన్ని వచ్చాయి. ఆకాశంలో ఒక్కో దిక్కుకు ఒక్కో గడియారం పెట్టి, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వాటిని ముందుకో వెనక్కో జరిపినా దూరాన ఉన్న గురుత్వ సమీకరణాలు చెక్కుచెదరవు. వీటికి సూపర్‌ట్రాన్స్‌లేషన్లు అని పేరు స్థిరపడింది. ఈ గ్రూపుకు బాండి, మెట్జ్‌నర్, శాక్స్ పేర్ల మొదటి అక్షరాలతో బీఎంఎస్ అని పేరు వచ్చింది. చాలామందికి ఇది మింగుడుపడలేదు. అదనంగా వచ్చినవాటిని ఏదో ఒక షరతు పెట్టి వదిలించుకుని, మళ్లీ పదికి తెచ్చుకోవాలని ఏళ్ల తరబడి ప్రయత్నాలు జరిగాయి.

ఆ అదనపు సౌష్ఠవాలకు ప్రకృతిలో సాక్ష్యం వేరే దారిలో దొరికింది. 1974లో జెల్డోవిచ్, పోల్నరెవ్ ఒక సంగతి గమనించారు: గురుత్వ తరంగం దాటిపోయాక, స్వేచ్ఛగా తేలుతున్న రెండు వస్తువులు మళ్లీ కదలకుండా నిలుస్తాయి గానీ వాటి మధ్య దూరం మునుపటిది కాదు. గోదావరి వరద చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వరద తీసేశాక ఏటి నీరు పాత మట్టానికే వస్తుంది, లంక ఒడ్డు మాత్రం పాత చోట ఉండదు. 1991లో క్రిస్టొడౌలౌ ఈ స్థానభ్రంశంలో ఐన్‌స్టీన్ సమీకరణాల అరేఖీయ స్వభావం నుంచే వచ్చే మరో భాగం ఉందని చూపించాడు. దీన్ని మెమరీ ఎఫెక్ట్ అంటారు. తరంగం వచ్చే ముందు గడియారాలు, వెళ్లాక గడియారాలు ఒకదానికొకటి సూపర్‌ట్రాన్స్‌లేషన్‌తో జరిగి ఉండటమే ఈ జ్ఞాపకం. 2015 సెప్టెంబర్ 14న లైగో పట్టుకున్న మొదటి తరంగం నాలుగు కిలోమీటర్ల పొడవున్న బాహువును కదిలించింది మీటరులో వెయ్యి కోట్ల కోట్ల వంతు కన్నా తక్కువ. జ్ఞాపకం అందులోనూ చిన్న భాగం. ఇప్పటిదాకా ఏ ఒక్క తరంగంలోనూ దాన్ని విడిగా, నిస్సందేహంగా చూడలేదు. మహారాష్ట్ర హింగోలి జిల్లాలో రానున్న లైగో-ఇండియా, ఆ తర్వాత అంతరిక్షంలోకి వెళ్లే లీసా వంటివాటి మీదే ఆశలు.

మూడో సాక్ష్యం క్వాంటం వైపు నుంచి వచ్చింది. 1965లో స్టీవెన్ వైన్‌బర్గ్ ఒక సూత్రం రాశాడు: కణాలు ఢీకొన్నప్పుడు అతి తక్కువ శక్తి గల గ్రావిటాన్ ఒకటి బయటికి రావడానికి ఎంత అవకాశం ఉందో, లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన కణాల శక్తి, దిశలు తెలిస్తే చాలు, చెప్పేయవచ్చు. మధ్యలో ఏం జరిగిందో అక్కర్లేదు. దీన్ని సాఫ్ట్ గ్రావిటాన్ సూత్రం అంటారు. నలభై ఎనిమిదేళ్ల పాటు ఇది ఒక పుస్తకంలోను, బీఎంఎస్ మరో పుస్తకంలోను, జ్ఞాపకం ఇంకో పుస్తకంలోను ఉండిపోయాయి. హార్వర్డ్‌లో ఆండ్రూ స్ట్రోమింజర్ 2013లో ఒక్క సంగతి పట్టుకున్నాడు. గతపు అనంతంలో ఒక దిక్కున చేసిన సూపర్‌ట్రాన్స్‌లేషన్‌ను భవిష్యత్తు అనంతంలో సరిగ్గా ఎదుటి దిక్కున చేసినదానితో జత కలిపితే, ప్రతి దిక్కుకూ విడివిడిగా ఒక శక్తి నిత్యత్వ నియమం వస్తుంది. ఆ నియమం వైన్‌బర్గ్ సూత్రమే. 2014లో హీ, లైసోవ్, మిత్రాలతో ఆ సమానత్వాన్ని నిరూపించాడు. జిబోయెదోవ్‌తో కలిసి జ్ఞాపకం కూడా అదేనని చూపించాడు. మూడు పుస్తకాలూ ఒకటేనని తేలిన ఆ ఏడాదినే నేను ఈ రంగపు అసలు పుట్టుకగా లెక్కిస్తాను. ఆ తర్వాత వచ్చిన ఆకర్షణీయమైన పేర్లన్నీ ఆ గట్టి నేల మీద కట్టినవే.

ఇక హోలోగ్రఫీ సంగతి. కృష్ణబిలం ఎంట్రోపీ దాని ఘనపరిమాణాన్ని బట్టి గాక ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుందని 1970లలో బెకెన్‌స్టైన్, హాకింగ్ చూపించారు. దాని మీద ఆలోచించి 1993లో 'ట్ హూఫ్ట్, ఆ తర్వాత సస్కిండ్, గురుత్వమున్న ప్రదేశం లోపలి సమాచారమంతా దాని హద్దు మీద రాసి ఉండవచ్చని, అంటే హోలోగ్రఫీని, ప్రతిపాదించారు. 1997లో హువాన్ మాల్దసేనా దానికి కచ్చితమైన ఉదాహరణ ఇచ్చాడు. రుణ కాస్మలాజికల్ స్థిరాంకం ఉన్న వంకర విశ్వంలో గురుత్వం, దాని హద్దు మీద గురుత్వం లేని, కోణాలను ఉంచి కొలతలు మార్చినా మారని ఒక కన్‌ఫార్మల్ క్షేత్ర సిద్ధాంతం, రెండూ ఒకే విషయాన్ని చెప్పే రెండు భాషలు. అంతకు పదకొండేళ్ల ముందే, 1986లో, బ్రౌన్, హెన్నో మూడు పరిమాణాల్లో ఆ హద్దు సౌష్ఠవాలు అనంతమని లెక్కగట్టి ఉంచారు. సౌష్ఠవం ముందు, సిద్ధాంతం తర్వాత: ఈ వరస మనకు మళ్లీ పనికొస్తుంది.

మనం ఉన్న విశ్వం మాల్దసేనా విశ్వం కాదు. నక్షత్రాల దూరాల్లో చూస్తే మనది దాదాపు చదునైన స్థలకాలం. దాని హద్దు కాంతి వెళ్లిపోయే చోటు. 1960లలో రోజర్ పెన్‌రోజ్ ఆ అనంతాన్ని కొలతలు కుదించి కాగితం మీదికి తెచ్చాడు. ఆ హద్దుకు ఒక చిక్కు ఉంది. అది మూడు పరిమాణాలది, కానీ అందులో కాలం వెంబడి వెళ్లే దిశకు పొడవు సున్నా. అలాంటి చోట మామూలు క్వాంటం సిద్ధాంతం రాయడం ఎవరికీ అలవాటు లేదు. ఇక్కడ రెండు పాయలు చీలాయి. ఒకరు ఆ సున్నా పొడవు దిశను ఉంచుకుని, కాంతివేగాన్ని సున్నాకు తెస్తే వచ్చే కారోల్ సౌష్ఠవంతో మూడు పరిమాణాల్లో పని చేస్తారు. 1965లో లెవీ-లెబ్లాన్, 1966లో ఎన్.డి. సేన్‌గుప్తా విడివిడిగా కనిపెట్టిన ఈ సౌష్ఠవమే బీఎంఎస్‌తో కలుస్తుందని 2014లో డువాల్, గిబ్బన్స్, హొర్వాతీ చూపించారు. మన దేశంలో కాన్పూర్ ఐఐటీలో అర్జున్ బాగ్చీ ఈ పాయలో ముందు నుంచీ ఉన్నాడు. రెండో పాయ కాలాన్ని పక్కకు నెట్టి, రెండే పరిమాణాల ఆకాశగోళం మీద అంతా రాస్తానంటుంది. సెలెస్టియల్ హోలోగ్రఫీ అంటే ఇదే.

ఆకాశగోళం మీద సాపేక్షత ఎలా పని చేస్తుందో దగ్గరగా చూస్తే తప్ప ఈ ధైర్యం ఎక్కడిదో తెలియదు. ఐ.పోలవరం మండలంలో కొబ్బరితోటల మధ్య నిలబడితే ఆకాశం ముక్కలుగానే కనిపిస్తుంది. యానాం వైపు వెళ్లే ఎదుర్లంక వంతెన మీదికి వస్తే గౌతమి పైన నాలుగు వైపులా విప్పారుతుంది. అక్కడి నుంచి ఉత్తరాన ధ్రువ నక్షత్రం నేలకు దాదాపు పదిహేడు డిగ్రీల ఎత్తున ఉంటుంది, ఆ ఊరి అక్షాంశమే ఆ ఎత్తు. మృగశిర దగ్గర వేటగాడి నడికట్టులో మూడు చుక్కలు వరసగా ఉంటాయి. వాటిలో మింటకా అనేది ఖగోళ మధ్యరేఖ మీదే దాదాపుగా ఉంది, అంటే ధ్రువానికి తొంభై డిగ్రీల దూరం. ఇప్పుడు ప్రతి చుక్కకూ ఒక సంకీర్ణ సంఖ్య ఇద్దాం, దాన్ని జెడ్ అందాం. ధ్రువం నుంచి ఆ చుక్కకు ఉన్న కోణంలో సగానికి టాంజెంట్ తీసుకుంటే జెడ్ పరిమాణం వస్తుంది, చుట్టూ తిరిగే కోణం దాని దిశ. ధ్రువ నక్షత్రం సున్నా, మింటకా ఒకటి. ఆ వంతెన మీది మనిషి కాంతివేగంలో అరవై శాతం వేగంతో ధ్రువం వైపు దూసుకుపోతున్నాడనుకోండి. సాపేక్షత లెక్క ప్రకారం ప్రతి జెడ్ సగమవుతుంది. మింటకా ఒకటి నుంచి సగానికి వస్తుంది, అంటే తొంభై డిగ్రీల దూరాన ఉన్న చుక్క యాభై మూడు డిగ్రీలకు దగ్గరవుతుంది. ఆకాశమంతా ముందుకు ముడుచుకుంటుంది, అయినా వృత్తాలు వృత్తాలుగానే ఉంటాయి. భ్రమణాలు, వేగాలు ఎన్ని కలిపినా జెడ్ మీద జరిగేది ఒక్కటే: పైన ఎ జెడ్ ప్లస్ బి, కింద సి జెడ్ ప్లస్ డి. రెండు పరిమాణాల కన్‌ఫార్మల్ సిద్ధాంతాల్లో మూల సౌష్ఠవం అక్షరాలా ఇదే. నాలుగు పరిమాణాల లోరెంట్జ్ గ్రూపు, ఆకాశం మీది కన్‌ఫార్మల్ గ్రూపు ఒక్కటే కావడం ఎవరో చేసిన ఊహ కాదు, నిజం.

మిగిలిన పని కణాల శక్తిని ఏం చేయాలన్నది. 2016, 2017లలో సబ్రీనా పాస్టర్‌స్కీ, షు-హెంగ్ షావో, స్ట్రోమింజర్ శక్తికి బదులు డెల్టా అనే సంఖ్య వాడటం నేర్పారు. అన్ని శక్తుల మీదా ఒక ప్రత్యేకమైన బరువుతో కలిపితే ఢీకొనడపు లెక్క ఆకాశగోళం మీద బిందువుల మధ్య సంబంధంగా మారుతుంది. ఆ రాతలో సాఫ్ట్ సూత్రాలన్నీ డెల్టా ఒకటి, సున్నా, మైనస్ ఒకటి వంటి పూర్ణాంకాల దగ్గర వచ్చే ధ్రువాలుగా, అంటే విలువ అనంతమయ్యే చోట్లుగా, కనిపిస్తాయి. అంతకుముందే 2009, 2010లలో బార్నిక్, ట్రొయ్‌సార్ట్ గడియారాల జరుపుళ్లతో పాటు ఆకాశగోళాన్ని చోటుచోటుగా వంచే సూపర్‌రొటేషన్లనూ సౌష్ఠవాల్లో చేర్చాలన్నారు. 2014లో మిగెల్ కాంపిలియా, చెన్నై మాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అలోక్ లద్ధా గోళాన్ని నునుపుగా మార్చే ఏ మార్పయినా ఆ జాబితాలో ఉండాలన్నారు. 2021లో గెవారా, హిమ్‌విచ్, పేట్, స్ట్రోమింజర్ సాఫ్ట్ గ్రావిటాన్ల అంతులేని మెట్లను పేర్చి చూస్తే, అదే ఏడాది స్ట్రోమింజర్ వాటిని డబ్ల్యూ ఒకటి-ప్లస్-అనంతం అనే బీజగణితంగా గుర్తుపట్టాడు. పెన్‌రోజ్ 1976లో ట్విస్టర్ జాగాలో, అంటే కాంతి కిరణాలను బిందువులుగా చూసే గణిత స్థలంలో, చెప్పిన మాటల్లోనే ఈ బీజగణితం దాగి ఉందని ఆడమో, మేసన్, అతుల్ శర్మ చూపించారు. ఇన్ని దారుల నుంచి ఒకే బీజగణితం రావడం చూస్తే, ఇది కాకతాళీయం కాదనే నమ్మకం కలుగుతుంది.

మన వైపు జరిగిన పని ఇక్కడే వస్తుంది. 2020లో భువనేశ్వర్ నుంచి షమిక్ బెనర్జీ, ఆయనతో కలిసి సుదీప్ ఘోష్, పార్థ పాల్ ఒక తరహా గ్రావిటాన్ ఢీకొనడాలను తీసుకుని, ఆకాశగోళం మీద ఎస్ఎల్2 కరెంట్ బీజగణితం ఒకటి దాగి ఉందని కనిపెట్టారు. విద్యుత్తుకు దీంతో సంబంధం లేదు, కరెంట్ ఆల్జీబ్రా అనే పేరే అలా వచ్చింది. ఆ బీజగణితం ఢీకొనడపు లెక్కల్లో కనిపించిందే తప్ప, ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి ఎలా వస్తుందో తెలియలేదు. 2021లో మాట్‌సైన్స్ ఆచార్యుడు నేమాని వి. సూర్యనారాయణ, నిశాంత్ గుప్తా, పార్థ పాల్ కలిసి ఆ ఖాళీని పూరించారు.   వాళ్లు చేసింది ఇది: అనంతంలో హద్దు షరతులను రెండు వైపులా సమంగా పెట్టకుండా, ఒక వైపు, అంటే జెడ్ వైపు మాత్రమే స్వేచ్ఛ ఇచ్చారు. 1980లలో పోల్యకోవ్ రెండు పరిమాణాల గురుత్వానికి వాడిన ఎత్తు అది. ఆ షరతుల కింద ఐన్‌స్టీన్ సమీకరణాలు విప్పితే భువనేశ్వర్ బీజగణితం బయటపడింది. తర్వాత ఇదే పద్ధతిని కాస్మలాజికల్ స్థిరాంకం ఉన్న చోటికీ తీసుకెళ్లారు.

ఆ లెక్కలో ఒక కూడిక ఉంది, అది తెలిస్తే విషయం చేతికి చిక్కుతుంది. చదునైన స్థలకాలపు పది సౌష్ఠవాలను ఆకాశగోళం మీద ఇలా పంచవచ్చు: జెడ్ మీద పని చేసే మూడు, దాని జంట సంకీర్ణ సంఖ్య మీద పని చేసే మూడు, నాలుగు జరుపుళ్లు. మూడూ మూడూ నాలుగూ పది. జెడ్ వైపు మూడింటిని పొడిగిస్తే విరాసోరో అనే అనంత బీజగణితం, రెండో వైపు మూడింటిని పొడిగిస్తే ఎస్ఎల్2 కరెంట్లు, నాలుగు జరుపుళ్లను పొడిగిస్తే స్పిన్ ఒకటిన్నర ఉన్న రెండు క్షేత్రాలు. కాస్మలాజికల్ స్థిరాంకం రుణమైతే ఆ పదే వేరే తీరున అల్లుకుంటాయి, జరుపుళ్లు ఒకదానితో ఒకటి కలిసి భ్రమణాలను పుట్టిస్తాయి. కానీ పంపకం అదే. మరి పదికి బదులు పదిహేను ఉంటే?

పదిహేను సౌష్ఠవాలున్న గురుత్వమే కన్‌ఫార్మల్ గురుత్వం. 1918లో హెర్మన్ వీల్ కొలత అనేదానికి విశ్వమంతటా ఒకే ప్రమాణం ఎందుకుండాలని అడిగాడు. ప్రతి బిందువు దగ్గరా కొలబద్దను ఇష్టం వచ్చినట్టు సాగదీసినా మారని గురుత్వం కావాలన్నాడు. ఆయన మొదటి రూపం నిలవలేదు. 1921లో రుడాల్ఫ్ బాఖ్ దాన్నుంచి శుద్ధమైన సమీకరణాలు రాశాడు. దాని మూలం వీల్ వక్రత వర్గం, దూరాల నిష్పత్తులను, కోణాలను తప్ప దూరాలను పట్టించుకోని వక్రత. ఐన్‌స్టీన్ గురుత్వంలో న్యూటన్ స్థిరాంకం కొలతలున్న సంఖ్య. ఇక్కడి స్థిరాంకానికి కొలతలే లేవు. ఆంధ్ర విశ్వవిద్యాలయం అనువర్తిత గణిత శాఖలో డి.ఆర్.కె.రెడ్డి, ఆయన సహచరులు కొలబద్ద మార్పును ఒప్పుకునే గురుత్వ సిద్ధాంతాల్లో విశ్వ నమూనాల మీద చాలాకాలం పనిచేశారు. అది ఈ కుటుంబానికి మరో కొమ్మ. 1989లో మన్‌హైమ్, కజానస్ కన్‌ఫార్మల్ గురుత్వంలో నక్షత్రం చుట్టూ న్యూటన్ పదంతో పాటు దూరంతో పెరిగే ఒక పదం కూడా వస్తుందని చూపించి, నక్షత్రవీధుల తిరుగుడు వేగాలను కృష్ణపదార్థం లేకుండానే వివరించవచ్చన్నారు. విశ్వశాస్త్రంలో ఆ వాదం మెజారిటీని ఒప్పించలేదు. ఈ సమీక్షకు దాని విలువ అందులో లేదు.

విలువ ఎక్కడుందంటే, ఐన్‌స్టీన్ శూన్య సమీకరణాలకు జవాబైనదల్లా బాఖ్ సమీకరణాలకూ జవాబే. అంటే కన్‌ఫార్మల్ గురుత్వం లోపలే ఐన్‌స్టీన్ గురుత్వం ఒక గదిలా ఉంది. 2011లో మాల్దసేనా ఆ గది తలుపు ఎక్కడుందో చూపించాడు: హద్దు దగ్గర మెట్రిక్ మొదటి అవకలనం సున్నా కావాలని ఒక్క షరతు పెడితే, కాస్మలాజికల్ స్థిరాంకం ఉన్న విశ్వంలో కన్‌ఫార్మల్ గురుత్వం ఐన్‌స్టీన్ గురుత్వమే అయిపోతుంది, క్వాంటం దిద్దుబాట్లు, అంటే లూపులు, లేనంతవరకు. 2014లో గ్రుమిల్లర్, ఇరాక్లెయిడూ, లోవ్రెకోవిచ్, మెక్‌నీస్ ఈ సిద్ధాంతానికి హోలోగ్రఫీ లెక్క చేసి, ఐన్‌స్టీన్ గురుత్వంలో అనంతాలను తొలగించడానికి కలపాల్సిన అదనపు పదాలేవీ ఇక్కడ అక్కర్లేకుండానే జవాబులు పరిమితంగా వస్తాయని చూపించారు. లెక్కకు ఇంతకంటే అనుకూలమైన గురుత్వం దొరకదు.

సెలెస్టియల్ హోలోగ్రఫీకి ఇది మరీ సహజంగా అమరుతుంది. పదిహేను సౌష్ఠవాలంటే ముందు చెప్పిన పది, అన్నిటినీ ఒకే నిష్పత్తిలో సాగదీసేది ఒకటి, ప్రత్యేక కన్‌ఫార్మల్ మార్పులు నాలుగు. డెల్టా భాషలో జరుపుళ్లు డెల్టాను ఒక మెట్టు ఎక్కిస్తాయి, ప్రత్యేక కన్‌ఫార్మల్ మార్పులు ఒక మెట్టు దింపుతాయి. యాంగ్-మిల్స్ సిద్ధాంతంలో ఈ మెట్లను 2018లో స్టీబర్గర్, టేలర్ లెక్కగట్టారు. ఇక ఆ కూడిక: మూడు, మూడు, ఒకటి, ఎక్కించేవి నాలుగు, దింపేవి నాలుగు, మొత్తం పదిహేను. ఐన్‌స్టీన్ వైపు ఒకటిన్నర స్పిన్ క్షేత్రాలు రెండుంటే ఇక్కడ నాలుగు ఉండాలి. ఎస్ఎల్2 కరెంట్లు మూడుంటే ఇక్కడ సాగదీతకు మరొకటి కలిసి నాలుగు కావాలి. ట్విస్టర్ వైపు నుంచి చూసినా ఇదే మాట. స్వద్వంద్వ, అంటే ఒక చేతివాటపు గ్రావిటాన్లు మాత్రమే ఉన్న, ఐన్‌స్టీన్ గురుత్వంలో ట్విస్టర్ జాగాను వంచేటప్పుడు ఒక అదనపు నిర్మాణాన్ని కాపాడాలి, డబ్ల్యూ బీజగణితం ఆ కట్టుబాటు నుంచి పుట్టింది. స్వద్వంద్వ కన్‌ఫార్మల్ గురుత్వంలో ఆ కట్టుబాటు లేదు, ఏ వంపైనా పనికొస్తుంది, కనుక బీజగణితం ఇంకా పెద్దది. 2004లో బెర్కోవిట్స్, విట్టెన్ ట్విస్టర్ స్ట్రింగ్ సిద్ధాంతంలోని గురుత్వాన్ని పరిశీలిస్తే, ఐన్‌స్టీన్ గురుత్వానికి బదులు కన్‌ఫార్మల్ గురుత్వమే ఎదురుపడింది. అప్పట్లో దాన్ని నిరాశగా చూశారు. ఇప్పుడు చూస్తే సౌష్ఠవాల దృష్టిలో అదే పెద్ద ఇల్లు.

ఇంత అనుకూలంగా ఉన్నప్పుడు ఇబ్బందులు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. బాఖ్ సమీకరణాలు నాలుగో అవకలనం దాకా వెళ్తాయి. అలాంటి సమీకరణాల్లో శక్తికి అడుగు ఉండదని 1850లో ఆస్ట్రోగ్రాడ్‌స్కీ వేసిన లెక్క నుంచే తేలుతుంది. క్వాంటం భాషలో రుణ సంభావ్యత గల ఘోస్ట్ కణాలు వస్తాయి. గ్రావిటాన్ రెండు రకాలుగా కాక మొత్తం ఆరు స్వేచ్ఛలుంటాయి. వీల్ సౌష్ఠవమే క్వాంటం దిద్దుబాట్లలో చెడిపోతుంది. 1980లలో ఫ్రాద్‌కిన్, సెయిత్లిన్ దాన్ని నిలబెట్టే పద్ధతి కనుగొన్నారు గానీ, దానికి గరిష్ఠ సూపర్‌సిమెట్రీ, సరిగ్గా లెక్కగట్టిన పదార్థం కావాలి. ఇవన్నీ పాత ఫిర్యాదులే. వీటిని చిన్నవిగా చూపించి ముందుకు పోయే రచనలు నాకు నచ్చవు. కన్‌ఫార్మల్ గురుత్వాన్ని ప్రకృతి సిద్ధాంతంగా గాక కసరత్తు చేసే చోటుగా తీసుకున్నప్పుడే అది నిజాయితీగా ఉపయోగపడుతుంది.

సెలెస్టియల్ హోలోగ్రఫీకి దాని సొంత ఇబ్బందులూ ఉన్నాయి. నాలుగు కణాల ఢీ ఎప్పుడూ ఒకే తలంలో జరుగుతుంది కాబట్టి ఆకాశం మీద ఆ నాలుగు బిందువులూ ఒకే వృత్తం మీద పడాలి. మామూలు కన్‌ఫార్మల్ సిద్ధాంతాల్లో అలాంటి కట్టడి ఉండదు. అన్ని శక్తులనూ కలిపే రాత కనుక, ఐన్‌స్టీన్ గురుత్వం ఎక్కడ చేయి ఎత్తేస్తుందో ఆ అతి పెద్ద శక్తుల సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. 2018లో లద్ధా, అప్పటికి అలహాబాద్ హరీశ్‌చంద్ర సంస్థలో ఉన్న అశోక్ సేన్, ఆ తర్వాత బిశ్వజిత్ సాహు, సాఫ్ట్ సూత్రాల్లో లాగరిథం పదాలు తప్పవని చూపించారు. వాటి ముద్ర తరంగం తోకలో మెల్లగా తగ్గే జ్ఞాపకంగా ఉంటుంది. పూర్ణాంకాల దగ్గర శుభ్రంగా నిలబడే ధ్రువాలు అప్పుడు అంత శుభ్రంగా ఉండవు. సౌష్ఠవాలే గట్టి నేల అన్నాను గానీ, ఆ నేల కూడా లూపుల కింద ఎంతవరకు గట్టిదో తేలాల్సే ఉంది. ఇక అసలు సిద్ధాంతం ఏదని అడిగితే, కాస్టెల్లో, నటాలీ పాకెట్, అతుల్ శర్మ 2022లో బర్న్స్ స్థలం అనే ప్రత్యేకమైన చోట నిర్మించినది ఉంది. నాకు ఆ పని మీద చాలా గౌరవం ఉంది. అది మన విశ్వం కాదు, మన గురుత్వం కాదు. కానీ రెండు వైపులా లెక్కలు చేసి సరిపోల్చగలిగిన మొదటి ఉదాహరణ.

కన్‌ఫార్మల్ గురుత్వపు ఇబ్బందులూ, సెలెస్టియల్ హోలోగ్రఫీ ఇబ్బందులూ కలిసే చోట ఒక ముడి ఉంది, ఇన్నాళ్ల పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే. మాల్దసేనా తలుపు కాస్మలాజికల్ స్థిరాంకం ఉన్నప్పుడే తెరుచుకుంటుంది. కన్‌ఫార్మల్ గురుత్వపు లెక్కలోంచి వచ్చే ఐన్‌స్టీన్ జవాబు ఆ స్థిరాంకంతో గుణించి వస్తుందని ఆడమో, మేసన్ 2013లో ట్విస్టర్లతో తేల్చారు. చదునైన స్థలకాలానికి స్థిరాంకాన్ని సున్నా చేస్తే జవాబూ సున్నా. ముందు స్థిరాంకంతో భాగించి ఆ తర్వాత సున్నాకు రావాలి. చదునులోనే నేరుగా మొదలుపెడితే మరో చిక్కు. నాలుగో అవకలనపు సమీకరణానికి మామూలు తరంగాలతో పాటు కాలంతో పెరుగుతూ పోయే తరంగాలూ జవాబులే. అనంతం దగ్గర బాండి వేసిన షరతులను అవి పాటించవు. వాటిని తీసేస్తే మామూలు గ్రావిటాన్లు మిగులుతాయి, ఆకాశగోళం మీద అంతా సజావుగా కనిపిస్తుంది. కానీ ప్రత్యేక కన్‌ఫార్మల్ మార్పు ఒక మామూలు తరంగాన్ని పట్టుకుని అలా పెరిగే తరంగాలతో కలిపేస్తుంది. అందువల్ల పెరిగేవాటిని తీసేస్తే పదిహేనులో ఆ నాలుగు కూడా పోతాయి, పది జరుపుళ్లు-భ్రమణాలు, ఒక సాగదీత, మొత్తం పదకొండు మిగులుతాయి. పదిహేనూ కావాలంటే పెరిగే తరంగాలను, వాటితో వచ్చే ఘోస్టులను ఉంచుకోవాలి. అప్పుడు అనంతం దగ్గర ఏ షరతులు పెట్టాలో, ఆ షరతుల కింద ఈ సౌష్ఠవాలకు చెందిన ఆవేశాలు (చార్జీలు) పరిమితంగా ఉంటాయో లేదో, ఒకటిన్నర స్పిన్ క్షేత్రాలు నాలుగూ నిజంగా ఆకాశగోళం మీద నిలుస్తాయో లేదో లెక్కగట్టాలి. ఒక వైపే స్వేచ్ఛ ఇచ్చే మాట్‌సైన్స్ షరతులు ఆ పెరుగుదలను ఒక చేత్తో ఉంచి మరో చేత్తో అదుపు చేయగలవని నాకు ఆశ. పదకొండు, పదిహేను మధ్య ఏది నిలబడుతుందో ఆ లెక్కే చెప్పాలి.